అవతలి బల్ల వాళ్ల నొప్పి

9వ రోజు

నీళ్ల మీద తేలే ఈ దీవికి నేను వచ్చింది అబద్ధాలు పట్టుకోవడానికి. ఉత్తర్వులో ఆ మాట లేదు. "నొప్పి తనిఖీ అధికారి కర్రి నూకరత్నం, నాచు దీవి, నాలుగు నెలలు" అని మాత్రమే ఉంది. పడవ దిగిన రోజే దీవి మేనేజర్ విశ్వంభర్ గారు మజ్జిగ గ్లాసు చేతికిచ్చి అసలు సంగతి చెప్పారు.

"ఇక్కడ రెండు వందల పన్నెండు మంది ఉన్నారమ్మా. ఆరు నెలల క్రితం నొప్పి అన్నవాళ్లు ఇద్దరు. ఇప్పుడు పద్నాలుగు మంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ కింద పడలేదు. ఒకర్ని చూసి ఒకరు నేర్చుకున్నారు. ఎవరిది నిజమో, ఎవరిది కాదో తేల్చండి, చాలు."

నాకు అది సబబుగానే తోచింది. పదకొండేళ్లుగా ఇదే ఉద్యోగం. నొప్పి అన్న ప్రతి మనిషిలోనూ ముందు దొంగను వెతకడం నాకు అలవాటైపోయింది.

తనిఖీకి మొదట వచ్చినవాడు పినపోతు లోవరాజు. నలభై దాటి ఉంటాయి. నాచు పెంచే తాళ్లను నీళ్లలోంచి పైకి లాగే జట్టులో పని. దూలాల్లాంటి చేతులు. నడుం నొప్పి అన్నాడు. తలకు యంత్రం టోపీ పెట్టి, వెన్ను మీద మూడు బిళ్లలు అంటించాను.

తెర మీద మూడు గీతలు వస్తాయి. మొదటిది వెన్ను గీత. ఒంట్లోంచి మెదడుకు నొప్పి కబురు ఎంత పోతోందో అది చెబుతుంది. రెండోది నొప్పి గీత. ఆ కబురు అందాక మెదడు ఎంత బాధపడుతోందో అందులో తెలుస్తుంది. మూడోది దిగులు గీత. దాన్ని తీర్పుకు వాడకూడదని నిబంధన. వెన్ను గీత నిశ్చలంగా ఉండి నొప్పి గీత మాత్రం ఎగిరిందంటే, ఆ మనిషి కావాలని నొప్పిని తలుచుకుంటున్నాడని అర్థం. అది కూడా నిబంధనే.

"ఎప్పటినుంచి?" అని అడిగాను.

"నాలుగు నెల్లయ్యిందండి."

"బరువు ఎత్తినప్పుడు వస్తుందా?"

"ఎత్తినప్పుడు తక్కువేనండి. పొద్దున లేవంగానే ఎక్కువ. బూట్లేసుకుందారని ఒంగితే పేణం పోతాదండి."

బరువెత్తితే తక్కువట, బూట్లు తొడుక్కుంటే ఎక్కువట. అబద్ధాలాడేవాళ్లు ఇలాగే దొరికిపోతారు అనుకున్నాను. వెన్ను గీత చెరువు నీళ్లలా కదలకుండా ఉంది. నివేదిక మీద "నటన" అని ముద్ర వేశాను.

అతను ఆ ముద్ర వంక చూశాడు. "అంటే లేదంటారాండి?"

"యంత్రం లేదంటోంది."

"మరి నాకున్నదేటండి?"

తర్వాతి పేరు పిలిచాను.

17వ రోజు

పద్నాలుగు మందినీ చూడడం అయిపోయింది. పద్నాలుగూ నటనే. ఇంత తేలిగ్గా తేలితే నాకు నచ్చదు. ఇద్దరు ముగ్గురు నటిస్తారు. పద్నాలుగు మంది ఒకే తీరుగా, ఒక్క తప్పూ చేయకుండా నటించాలంటే వాళ్లకు ఎవరో నేర్పి ఉండాలి.

తాగే నీళ్లు పరీక్షించాను. ఉప్పు తీసే యంత్రంలో లోపం లేదు. నాచు ఏరే షెడ్డులో కుర్చీల ఎత్తు కొలిచాను. చేతులు ఒరుసుకుపోకుండా రాసుకునే జిగురు నా ముంజేతికి రాసుకుని రెండు రోజులు ఆగాను. ఏమీ కాలేదు. ఇక మిగిలింది మనుషులే.

మూడు రోజులుగా మెస్సులో ఒక మూల కూర్చుని చూస్తున్నాను. నొప్పి అన్నవాళ్లలో పదకొండు మంది ఒకే బల్ల దగ్గర తింటున్నారు. కిటికీ పక్కన, మిగతా బల్లలకు దూరంగా ఉంటుంది అది. దొరికింది ముఠా అనుకున్నాను. వాళ్లేం మాట్లాడుకుంటారో విందామని ఇవాళ నీళ్ల కుండ వంకతో దగ్గరికి వెళ్లాను.

ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. పదకొండు మందీ తలలు వంచుకుని తింటున్నారు. దవడ నొప్పి అన్న హేమావతి అనే అమ్మాయి అన్నాన్ని చారుతో పలచన చేసుకుని తాగుతోంది. నన్ను చూసి కంచం తీసుకుని లేచిపోయింది.

18వ రోజు

మెస్సులో వంట చేసే అమ్మాజీని అడిగాను. యాభై అయిదేళ్ల మనిషి. దీవి కట్టిన నాటినుంచీ ఇక్కడే ఉంది. ముందు నన్ను ఎగాదిగా చూసింది.

"ఇది మీరు రాసుకోటానికా, తెలుసుకోటానికా?"

"తెలుసుకోవడానికే, పిన్నీ."

పొయ్యి తగ్గించి చెప్పింది. "పెతీ శనారం జట్టుకో వోటండి. జట్టుని ఎవరు ఎనక్కి లాగతన్నారో చీటీ మీద పేరు రాయాలి. ఎక్కువ చీటీలు ఎవరికొత్తే ఆళ్లు వారం రోజులు అవతలి బల్ల. ఆళ్లతో మాటాడేరనుకోండి, మాటాడినోళ్లకీ ఓ చీటీ కలుపుతారు. ఆరు నెల్లయ్యింది పెట్టి. మేనేజరు గారు ఆటన్నారు."

"వారం అయ్యాక ఇవతలికి వచ్చేస్తారుగా?"

"ఏటొత్తారండి. ఒకసారి పేరు పడినోడికే మళ్లీ రాత్తారు. కొత్తోడికి రాత్తే ఆడు పగబడతాడు గదా. పాతోడైతే ఎవరికీ బయం లేదు. ఆ హేమావతి ఏం జేసిందని? గట్టిగా నవ్వుద్దని రాసేరు. ఇప్పుడు నవ్వట్లేదు. అయినా రాత్తానే ఉన్నారు."

విన్నాను గాని, నా అనుమానం ఆ క్షణంలో ఇంకో దారి పట్టింది. నొప్పి అంటే విశ్రాంతి సెలవు దొరుకుతుంది కాబట్టి, అవతలి బల్ల తప్పించుకోవడానికే వీళ్లు నొప్పి నాటకం ఆడుతున్నారని గట్టిగా నమ్మాను. కారణం తెలిసిపోయిందని సంతోషం కూడా వేసింది. ఆ మాట దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

26వ రోజు

లోవరాజు మళ్లీ వచ్చాడు. నడక మారింది. గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. రెండోసారి టోపీ పెట్టాను. వెన్ను గీత నిశ్చలం. నొప్పి గీత మొదటిసారి కన్నా ఎత్తు.

"నిద్ర పడుతోందా?" అన్నాను, అలవాటుగా.

"పడతాదండి. తెల్లారకట్ల మెలకువొచ్చేత్తాది. ఇంక పట్టదు."

"ఎందుకొస్తుంది మెలకువ?"

"జట్టోళ్లు నా గురించి మాట్లాడుకుంటన్నట్టుంటాదండి. ఎవరూ ఉండరు."

రెండో ముద్ర వేశాను. ఈసారి అతను ముద్ర వంక చూడకుండానే లేచాడు. రెండో నటన పడ్డవాడికి విశ్రాంతి సెలవు ఉండదు. అవతలి బల్ల గడువు నెల రోజులవుతుంది. ఆ నిబంధన నేను రాసింది కాదు. అది నాకు తెలియదని మాత్రం చెప్పలేను.

31వ రోజు

పొద్దున పదింటికి అమ్మాజీ గరిటె చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "లోవరాజు పడమటి అంచున కూకున్నాడండి. నడుం తాడు ఇప్పేసేడు."

దీవిని తేల్చే ఇనప పీపాల్లో చివరి వరస మీదికి తాడు లేకుండా ఎవరూ వెళ్లరు. అతను ఆ చివరి పీపా మీద కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చున్నాడు. విప్పిన తాడు చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టుకున్నాడు. ఇక దానితో పని లేనట్టు.

"ఏం చేస్తున్నారు లోవరాజు గారూ?"

"ఏం లేదండి. చల్లగా ఉందని."

పదకొండేళ్లలో వందల అబద్ధాలు పట్టుకున్నాననుకున్నాను. నిజంగా చెవిన పడ్డ అబద్ధం అదొక్కటే. అమ్మాజీ వెళ్లి అతని పక్కన కూర్చుంది. మాట్లాడితే తనకూ చీటీ పడుతుందని తెలుసు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆవిడ వంకాయల గురించి, కిందటి పడవలో వచ్చిన పుచ్చు వంకాయల గురించి చెబుతూనే ఉంది. చివరికి అతను "ఆకలేత్తందండి" అన్నాడు. ఆవిడే తాడు కట్టి తీసుకొచ్చింది.

మేనేజర్ గారికి కబురు వెళ్లింది. "సానుభూతి కోసం చేశాడు. మీరు కంగారు పడకండి" అన్నారు. నాలుగు రోజుల కిందటైతే ఆ మాట నేనే అనేదాన్ని.

33వ రోజు

పద్నాలుగు నివేదికలూ మళ్లీ తెరిచాను. ఈసారి చూడకూడని గీతను చూశాను.

పద్నాలుగు మందిలోనూ దిగులు గీత ఎత్తుగా ఉంది. అంతే అయితే నేను నమ్మేదాన్ని కాదు. నొప్పి ఉన్నవాడికి దిగులు ఉండడంలో వింత లేదు. కాని నొప్పి గీతనూ దిగులు గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, దిగులు ముందు లేస్తోంది. నొప్పి దాని వెనకాలే లేస్తోంది. తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా దాన్ని వదలడం లేదు.

శిక్షణలో మాకు ఒక పాఠం చెప్పి, పరీక్షకు అక్కర్లేదని వదిలేశారు. ఒంట్లోంచి వచ్చే చిన్న చిన్న కబుర్లను మెదడు రోజంతా అణిచిపెడుతూ ఉంటుంది. అందుకే మనకు ఒళ్లు ఉన్న సంగతే గుర్తుండదు. నలుగురిలో అవమానం పడి, ఎప్పుడు ఏం జరుగుతుందోనని నెలల తరబడి బిక్కుబిక్కుమంటూ బతికే మనిషిలో ఆ అణిచిపెట్టే శక్తి సన్నగిల్లుతుంది. దిగులుకూ నొప్పికీ మెదడులో చాలా చోట్ల దారులు కలుస్తాయి. అప్పుడు బూటు లేసు కట్టుకునేంత చిన్న పని కూడా కత్తిపోటులా అందుతుంది. తాడు లాగేటప్పుడు మనసు పని మీద ఉంటుంది కాబట్టి తక్కువగా తెలుస్తుంది.

ఇది నిజమైతే లోవరాజు మొదటి రోజే నాకు నిజం చెప్పాడు. కాని నా మీద నాకే నమ్మకం లేదు. ఆ పీపా మీది మనిషిని చూసి మనసు మెత్తబడి, కావలసిన గీతలే చూస్తున్నానేమో.

46వ రోజు

తుఫాను దాటిపోయింది. ఎనిమిది రోజులు.

జట్లు లేవు, బల్లలు లేవు, శనివారం వోటు లేదు. రెండు వందల మందీ నడిమి హాల్లో నేల మీద కూర్చుని ఒకే గంగాళంలోంచి తిన్నారు. పగలంతా నీళ్లు తోడడం, తెగిన గొలుసులు మళ్లీ కట్టడం. మామూలు పనికి రెట్టింపు. తూర్పు వరస పీపాలు విడిపోతుంటే వాటిని కట్టే ముడి లోవరాజుకు ఒక్కడికే వచ్చని తేలింది. "లోవరాజేడి? లోవరాజుని పిలండి" అని అతని మేస్త్రీ కోదండమే అరిచాడు. ఆ ముందు వారం చీటీ మీద అతని పేరు రాసినవాడే.

తుఫాను ఆరో రోజున హాల్లోనే ఒక మూల టోపీ పెట్టి ముగ్గుర్ని చూశాను. లోవరాజు, హేమావతి, ఇంకొకతను. ముగ్గురికీ వెన్ను గీత పైకి లేచింది. అంత చాకిరీ చేశాక లేవదా మరి. నొప్పి గీత మాత్రం సగానికి పడిపోయింది. ఒళ్లు నిజంగా హూనమైన రోజున వాళ్లకు నొప్పి తగ్గింది.

నటించేవాడు ఇంత చాకిరీ రోజున నొప్పి ఉందనాలి గాని, లేదనడు.

49వ రోజు

శనివారం నుంచి మళ్లీ వోటని చెప్పారు. నేను గీతలు పట్టుకుని మేనేజర్ గారి గదికి వెళ్లాను. ఓపిగ్గా అంతా విన్నారు.

"తుఫాను భయంలో మరిచిపోయారు. మరిచిపోగలిగిన నొప్పి నొప్పేనా అమ్మా?"

"దగ్గర పడుకోబెట్టుకుంటే పిల్లాడికి జ్వరం తెలియదు సార్. జ్వరం లేదని కాదు."

"వోటు పెట్టాక పని ఎంత పెరిగిందో మీకు తెలియదు."

"ఎంతమంది కుంగిపోయారో మీకు తెలియదు."

ఆయన నవ్వారు. "మీరు చాలా అలిసిపోయారు. ఒక పని చేద్దాం. ఆఫీసు వాళ్లు కూడా ఒక జట్టే కదా. ఈ శనివారం నుంచి మీరూ వోటెయ్యండి. అందరితో కలిసినట్టు ఉంటుంది."

గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

52వ రోజు

ఆఫీసు జట్టులో మేం ఆరుగురం. అయిదు చీటీల మీద నా పేరుంది. ఆరోది నేను వేసింది. దాని మీద స్టోరు గుమాస్తా పేరు రాశాను. ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడని. ఖాళీగా వేయవచ్చు. వేయలేదు.

66వ రోజు

రెండు వారాలుగా అవతలి బల్ల. ఒక్కో పూటగా చూస్తే పెద్ద శిక్షేమీ కాదు. అన్నం అదే, కూర అదే. కాని అవతల ఎవరైనా నవ్వితే నా గురించే అనిపిస్తుంది. మా ఆఫీసు జట్టులోని నర్సు తలుపు వేస్తే నన్ను చూసే వేసిందనిపిస్తుంది. ఆఫీసు యంత్రంలో నేను రాసింది ఎవరు చదువుతున్నారోనని ఈ కాగితం పుస్తకాన్ని పరుపు కింద పెడుతున్నాను.

నాలుగు రోజులుగా కుడి భుజం నొప్పి. దువ్వెన పట్టుకోవాలంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఎక్కడా తగిలించుకోలేదు. వీళ్లతో కూర్చుని నేనూ నేర్చుకున్నానా? ఈ ప్రశ్న పూర్తిగా నాదేనా, లేక మేనేజర్ గారిదా?

67వ రోజు

తలుపు గడియ పెట్టి నా తలకు నేనే టోపీ పెట్టుకున్నాను.

వెన్ను గీత నిశ్చలం. నొప్పి గీత ఎత్తు. దిగులు గీత దానికంటే ఎత్తు. లోవరాజు మొదటి నివేదికను పక్కన పెట్టి చూస్తే, పేర్లు లేకపోతే ఏది ఎవరిదో చెప్పలేను.

నిబంధన ప్రకారం నా మీద నేనే నటన ముద్ర వేసుకోవాలి. ముద్ర చేతిలోకి తీసుకున్నాను. భుజం కలుక్కుమంది. "మరి నాకున్నదేటి?" అని పైకే అన్నాను.

70వ రోజు

రేడియో మీద కబురు పంపితే తీరం చేరేలోగా ఏమవుతుందో నమ్మకం లేదు. కాగితం మీద రెండు ప్రతులు రాశాను. ఒకటి తీరంలోని మా ఆఫీసుకు ఇవ్వమని సరుకుల పడవలో అమ్మాజీ చెల్లెలి చేతికి వెళ్లింది. రెండోది మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడి చదివాను. మేనేజర్ గారు కూడా అక్కడే తింటున్నారు.

"నొప్పి తనిఖీ అధికారిగా నేను వేసిన పదిహేను నటన ముద్రలూ తప్పు. పద్నాలుగు మందివి, అందులో లోవరాజు గారికి రెండుసార్లు. వాళ్లు చెప్పింది నిజం. తప్పు నాది. నొప్పికి కారణం ఈ గదిలోనే ఉంది. అది అవతలి బల్ల. పదిహేనో రోగిని నేను. నా గీతలు కూడా జత చేశాను."

 మేనేజర్ గారు చేయి కడుక్కుని వెళ్లిపోయారు.  కోదండం కంచంలోకి చూస్తూ నిదానంగా అన్నాడు: "నాకూ మెడ పట్టేత్తందండి రెండు నెల్లనించి. చెప్తే నాకు రాత్తారని చెప్పలేదు." రాసేవాళ్లకూ నిద్ర లేదన్నమాట.

లోవరాజు నా వంక చూడలేదు. అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. అతను సంతోషిస్తాడని నేను ఎదురుచూశాను కాబోలు. అది కూడా నా తప్పే.

84వ రోజు

తీరం నుంచి ఉత్తర్వు వచ్చి పది రోజులైంది. విచారణ ముగిసేదాకా వోటు ఆపాలి. నటన ముద్రలు రద్దు. మేనేజర్ గారే దాన్ని అందరికీ చదివి వినిపించారు. "తాత్కాలికంగా" అన్న మాటను రెండుసార్లు పలికారు. అవతలి బల్లను అమ్మాజీ, హేమావతి కలిసి ఇవతలికి ఈడ్చుకొచ్చారు. మొదటి రోజు దాని దగ్గర ఎవరూ కూర్చోలేదు. మూడో రోజు కోదండం కూర్చున్నాడు.

నొప్పులు మాత్రం అంత తొందరగా పోలేదు. హేమావతి దవడ పది రోజుల్లో వదులైంది. నా భుజం ఇంకా ఉంది. నెలల పాటు నేర్చుకున్నదాన్ని మెదడు ఒక ఉత్తర్వు చదివి మరిచిపోదు. లోవరాజు తనిఖీకి రావడమే మానేశాడు. నేను పిలవలేదు. ఏ ముఖంతో పిలవను?

117వ రోజు

ఎల్లుండి నా పడవ. ఇవాళ మధ్యాహ్నం సామాను సర్దుతుంటే లోవరాజు వచ్చాడు. గోడ పట్టుకోలేదు. కుర్చీలో కూర్చున్నాడు. నేను అలవాటుగా టోపీ అందుకోబోయాను.

"ఆగండి. అదెట్టకండి. ముందు నేను చెప్తాను, రాసుకోండి."

టోపీ కింద పెట్టి కలం తీశాను.

"నిన్న రెండు గంటలు కూకుని వల బాగుచేసేనండి. నడుం నొప్పుంది. ఉన్నాగానీ చేసేను. మునపటంత లేదు. తెల్లారకట్ల మెలకువ వత్తానే ఉంది, మాటలు మటుకు ఇనబడట్లేదు. జనం నన్ను పిలుత్తున్నారు. పిలిత్తే ఎందుకు పిలుత్తున్నారో అని చూత్తాను. ఆ అనుమానం పోలేదండి. రాసేరా?"

"రాశాను."

"సదవండి."

చదివాను. ఒక్క మాట మార్చకుండా చదివాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"మిమ్మల్ని నమ్ముతానని కాదండి," అన్నాడు. "సదివింది మటుకు నేను చెప్పిందే."

"మీరు నమ్మకపోయినా నాకు ఇబ్బంది లేదు లోవరాజు గారూ."

 అతను తనే చెయ్యి చాచి టోపీ తీసుకుని తలకు పెట్టుకున్నాడు. బిళ్లలు అంటించడానికి వీలుగా చొక్కా పైకెత్తి, వీపు నా వైపు తిప్పాడు. తెర మీద గీతలు మొదలయ్యాయి. నేను వాటి వంక చూడకుండా, కలం కాగితం మీద ఆనించి, అతను ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగాను.